తప్పు ఏ గడియారానిదో ఎలా తెలుస్తుంది?

వాచీల షాపు, ఒంగోలు:
ట్రంకు రోడ్డులో ముప్పై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాను. గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే మృత నక్షత్రాలను పల్సర్లు అంటారట, వాటినే గడియారాలుగా పెట్టుకుని గురుత్వ తరంగాలను, అంటే అంతరిక్షంలో పుట్టే అలలను, పట్టుకున్నారని మా అమ్మాయి చదివి వినిపించింది. 1982లో దొరికిన ఒక పల్సర్ సెకనుకు 642 సార్లు తిరుగుతుందట. తిరగనివ్వండి. నా సందేహం వేరు. మొన్న ఒకాయన తన వాచీ రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోందని తెచ్చారు. ఒక రోజంతా నా బల్ల మీద పెట్టి చూశాను, వాచీ నిక్షేపంలా ఉంది. వాళ్లింటి గోడ గడియారమే పరుగెడుతోంది! మరి పల్సర్ సంకేతం ఆలస్యమైతే తప్పు దానిదా, మన గడియారానిదా, దారిలో వచ్చిన తరంగానిదా?

ఫిజిక్స్ లెక్చరర్, నెల్లూరు:
అయ్యా, ఒక్క పల్సర్‌ను చూసి ఎవరూ చెప్పలేరు. అమెరికాలోని నానోగ్రావ్ బృందం 15 ఏళ్ల లెక్కల్లో 67 పల్సర్లను పోల్చింది. మన గడియారం తప్పితే అన్నీ ఒకేలా తప్పినట్లు కనిపిస్తాయి. పల్సర్‌లోనే లోపముంటే అదొక్కటే తప్పుతుంది. తరంగం చేసే పని విచిత్రం: ఆకాశంలో పక్కపక్కన ఉన్నవి కలిసి తప్పుతాయి, లంబకోణానికి కాస్త అటూఇటుగా ఎడమున్నవి ఎదురుబొదురుగా తప్పుతాయి, పూర్తిగా ఎదుటి దిక్కుల్లో ఉన్నవి మళ్లీ కొంత కలుస్తాయి. 1983లోనే హెల్లింగ్స్, డౌన్స్ అనే శాస్త్రవేత్తలు లెక్కకట్టిన వంపు ఇది. 2023 జూన్‌లో దాని ఆనవాళ్లు కనిపించాయి. అయితే ‘పట్టుకున్నారు’ అనడం తొందరపాటు. ఆ బృందం వాళ్లు కూడా ‘ఆధారం దొరికింది’ అని మాత్రమే ఆచితూచి అన్నారు.

కావలి కుర్రాడు, పుణె:
మాస్టారు ఒక దొంగను వదిలేశారు. దారిలో ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటివల్ల తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో సంకేతం ఎక్కువ ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యం కూడా నిలకడగా ఉండదు. ఇక్కడికి దగ్గర్లోని ఖోడద్‌లో 45 మీటర్ల రేడియో టెలిస్కోప్ డిష్‌లు 30 ఉన్నాయి. మనవాళ్లు వాటితో రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో ఒకేసారి చూసి ఆ ఆలస్యాన్ని కొలిచి తీసేస్తారు. ఇదే వెతుకుతున్న యూరప్ బృందం ఫలితంలో మన లెక్కలు కూడా ఉన్నాయి.

వాచీల షాపు, ఒంగోలు:
బాబూ, ఇంతకీ తరంగం తెచ్చే ఆ తేడా ఎంత ఉంటుంది?

ఫిజిక్స్ లెక్చరర్, నెల్లూరు:
సెకనులో కోటో వంతు స్థాయిలో. అది కూడా ఏళ్ల తరబడి మెల్లగా ఊగుతూ.

వాచీల షాపు, ఒంగోలు:
క్వార్ట్జ్ వాచీలో రాయి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మీరు చెప్పింది ఆ ఒక్క కంపనంలో మూడు వందో వంతు! నేను ఒక్క రోజు ఉంచుకుంటానంటేనే గొణిగారు ఆ వాచీ ఆయన. ఈరోజు గోడ గడియారం కూడా పట్టుకొచ్చారు, విప్పాలి.