ఇంటి ల్యాబ్‌కి పాత బెంచ్ మీటర్ (బల్ల మీద పెట్టి వోల్టేజీ కొలిచేది): ఏది కొనమంటారు?

నమస్తే అండి. మాది కావలి. రొయ్యల గుంటల వాళ్ల పీహెచ్ మీటర్లు (నీటి ఆమ్లత్వం కొలిచేవి) ఇంట్లోనే రిపేరు చేస్తాను. వాటి ప్రోబ్ ఇచ్చే వోల్టేజీలో ఒక్క పీహెచ్‌కి దాదాపు 59 మిల్లీవోల్టులే తేడా, అందుకే వోల్టేజీ కచ్చితంగా కొలవాలి. కానీ నా రెండు చేతి మల్టీమీటర్లూ ఒకే బ్యాటరీకి వేర్వేరు అంకెలు చూపిస్తున్నాయి, ఏది నమ్మాలో తెలియక టెన్షన్. పోయినసారి కొన్న పాత బెంచ్ మీటరైతే డిస్‌ప్లే మసకబారి వచ్చింది. గదిలో లైటు ఆర్పితేగానీ అంకె కనపడదు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో హెచ్‌పీ కంపెనీ బెంచ్ మీటర్లు 34401ఏ, 3478ఏ చూస్తున్నా. మొదటిది ఆరున్నర అంకెలది, రెండోది ఐదున్నర (అంకెలు ఎక్కువుంటే అంత సూక్ష్మంగా చూపిస్తుంది). కానీ 3478ఏలో క్యాలిబ్రేషన్ విలువలు (కొలత సరిచేసే అంకెలు) లోపలి లిథియం బ్యాటరీ మీదే నిలుస్తాయి, అది అయిపోతే అన్నీ పోతాయి. అందుకే నా మొగ్గు 34401ఏ వైపే. కొనేముందు ఏమేం పరీక్షించాలి? ఇన్‌పుట్ షార్ట్ చేసి (రెండు కొనలూ కలిపి) సున్నా చూస్తే సరిపోతుందా? నెల్లూరు, ఒంగోలు వైపు క్యాలిబ్రేషన్ చేసేవాళ్లున్నారా, చెన్నై పంపాలా? వాడినవాళ్లు కాస్త చెప్పండి.