అప్‌డేట్: పాశమైలారం పేలుడులో గల్లంతైన మా అద్దెదారు గురించి

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో పేలుడు జరిగాక, మా ఇంట్లో అద్దెకున్న ఒడిశా కుర్రాడి కోసం డీఎన్‌ఏ పరీక్షకు ఎవరు రావాలని ఇక్కడ అడిగాను. భార్య నమూనా పనికిరాదు, తల్లిదండ్రులో పిల్లలో తోబుట్టువులో రావాలన్నారు. అతని తండ్రి వచ్చి రక్తం ఇచ్చారు. నమూనా కలిసింది. శవపేటికకు మేకులు కొట్టే అప్పగించారు, మూత మీద ఒక నంబరు అతికించి ఉంది. ముఖం చూపించమని ఆ పెద్దాయన ఎంతగానో బతిమాలారు.

కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో ఆ అబ్బాయి పేరే లేదట! ఒళ్లు మండిపోయింది. అదృష్టవశాత్తూ గదిలో ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) కార్డు దొరికింది. పని ప్రమాదంలో చనిపోతే ఆ బీమా కింద ఆశ్రితులకు వేతనంలో 90 శాతం నెలనెలా ఇవ్వాలి. దరఖాస్తు పెట్టించాం, పరిహారం ఇంకా తేలలేదు. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.