కోనసీమ నూతి నీళ్లు కాచకుండా తాగొచ్చా?

గోదారి_కోడలు: అత్తారి ఊరు కోనసీమ. పండక్కి వెళ్లినప్పుడల్లా మా చిన్నదానికి విరేచనాలు. పెరట్లో నూతి నీళ్లు కాచి పడతానంటే, మన నూతి నీళ్లు అమృతమంటూ మామగారు చిన్నబుచ్చుకుంటున్నారు. మీరేమంటారు?

నూతిగట్టు: మా తాత, నాన్న ఇవే తాగి ఎనభై దాటారు. సిటీ పిల్లలకి ఏం పడినా అరగదు. ఆ రోజు బజ్జీలు తినలేదా? ముందు అది చెప్పండి.

ల్యాబు_పురుగు: మీ తాతగారి రోజుల్లో పెరట్లో మరుగుదొడ్డి గొయ్యి ఉందా? కోనసీమలో కొంచెం తవ్వితే నీరు తగులుతుంది. గొయ్యిలోది నూతిలోకి ఊరినా నీళ్లు తేటగానే ఉంటాయి. టైఫాయిడ్, కామెర్లు తెచ్చేవి కంటికి కనపడవు. నీటి పరీక్షకి వాడే హెచ్2ఎస్ సీసాలో పోసి ఉంచండి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాల్సిందే. తెర్లాక ఒక్క నిమిషం కాస్తే చాలు.

కనిగిరి_కుర్రోడు: కాస్తే చాలని జనాన్ని మోసం చెయ్యకండి. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో ఈ ఫ్లోరైడ్ ఎముకల జబ్బు బయటపడింది. మా మేనత్త నడుం వంగిపోయింది.

ల్యాబు_పురుగు: ఆవిడ అడిగింది విరేచనాల గురించండీ.

కనిగిరి_కుర్రోడు: అయినా కాస్తే పోదు. ఒప్పుకోండి.

ల్యాబు_పురుగు: పోదనే నేనూ అంటున్నా!

పాలకొల్లు_బాబు: నూతికీ గొయ్యికీ ఎంత దూరం?

గోదారి_కోడలు: మాది దూరమే. గోడ అవతల మరిదిగారు పోయినేడు తవ్వించింది పదడుగులు ఉంటుందేమో.

నూతిగట్టు: అదన్నమాట! నీళ్ల పేరు చెప్పి తోడికోడలి మీద తగువు.

గోదారి_కోడలు: నా కూతురికి సెలైన్ ఎక్కించారండీ. తగువంటారా? నీళ్లు కాచానంటే గొయ్యి తప్పని ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టే. అన్నదమ్ములు విడిపోతారని మామగారి భయం. అందుకే నన్ను పొయ్యి దగ్గరికి పోనివ్వట్లేదు. అమృతం కబుర్లన్నీ దానికే.

ల్యాబు_పురుగు: కనీసం యాభై అడుగులుండాలి. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ కలిపి గంట ఆగొచ్చు, కానీ గొయ్యి ఊరుతున్నన్నాళ్లూ వేస్తూనే ఉండాలి. అలవాటుపడ్డ పెద్దవాళ్లు తట్టుకుంటారేమో, పిల్లలకి మాత్రం కాచే ఇవ్వండి.

నూతిగట్టు: మా నూతికీ పక్కింటి గొయ్యికీ గోడే అడ్డం. మాకేం కాలేదే!

పాలకొల్లు_బాబు: ఇంట్లో ఎవరికీ కామెర్లు రాలేదా?

నూతిగట్టు: మావాడికొచ్చాయి. అది ఎండ వేడికి.