పాత ల్యాప్‌టాప్‌కి ఇప్పుడు హైబ్రిడ్ డిస్క్ వేయించుకోవచ్చా, వద్దా?

నాటకప్రియుడు

అందరికీ నమస్కారం. నా దగ్గర లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్220 ఉంది. 2011 మోడల్, రెండో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్. దాని కీబోర్డు అలవాటయ్యాక వేరేదాని మీద చెయ్యి ఆడటం లేదు, అందుకని మార్చదలుచుకోలేదు.

నేను పద్యనాటకాల రికార్డింగులు సేకరిస్తాను. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, పరిషత్తు పోటీల్లో తీసిన వీడియోలు కలిపి 600 జీబీ దాటాయి. ప్రస్తుతం బయటి డిస్కులో ఉన్నాయి. ఎవరింటికి వెళ్లినా కాటిసీను పద్యాలు వినిపించమంటారు. ఆ డిస్కు తీయడం, కేబుల్ వెతకడం, అది సరిగ్గా తగలకపోవడం, ఇదో తలనొప్పి. అన్నీ ల్యాప్‌టాప్ లోపలే ఉంటే బాగుండునని నా కోరిక. పైగా మెషీన్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేసరికి టీ తాగి రావచ్చు.

షాపతను 1 టీబీ హైబ్రిడ్ డ్రైవ్ ఉందన్నాడు. "ఎస్‌ఎస్‌డీ స్పీడ్ వస్తుంది, హార్డ్ డిస్క్ సైజు వస్తుంది" అన్నాడు. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేకుండా మెమరీ చిప్పులతోనే చేసిన డ్రైవ్ అట. 1 టీబీ ఎస్‌ఎస్‌డీతో పోలిస్తే సగం ధర కూడా లేదు. వేయించమంటారా?

రిపేర్ బెంచ్

వద్దండీ. రోజూ ల్యాప్‌టాప్‌లు విప్పే పని నాది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

హైబ్రిడ్ అంటే తిరిగే పళ్లేలున్న మామూలు హార్డ్ డిస్కే. దాని బోర్డు మీద కొంచెం ఫ్లాష్ మెమరీ, అంటే ఎస్‌ఎస్‌డీల్లో వాడే చిప్పు, అదనంగా ఉంటుంది. ఆ కొంచెం ఎంత? 1 టీబీ డ్రైవ్‌లో 8 జీబీ. మీరు తరచుగా ఏ సెక్టార్లు (డిస్కు మీది చిన్న చిన్న గదులు) చదువుతున్నారో డ్రైవ్ లెక్క పెట్టుకుని, వాటి నకలు ఆ 8 జీబీలో ఉంచుకుంటుంది. రెండు మూడు సార్లు బూట్ చేశాక బూట్ త్వరగా అవుతుంది, అంతవరకు నిజమే. మిగతా 992 జీబీ జోలికి వెళ్తే మాత్రం పాత కథే. 5400 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) డిస్కులో కావలసిన సెక్టార్ హెడ్ (చదివే ముల్లు) కిందికి రావడానికే సగటున 5.6 మిల్లీ సెకన్లు పడుతుంది. హెడ్ కదిలే సమయం దానికి అదనం. ఎస్‌ఎస్‌డీలో అదే పని 0.1 మిల్లీ సెకనులో అయిపోతుంది.

ఇంకో మాట. "హైబ్రిడ్" అన్న పేరు మీద వచ్చినవన్నీ ఒకటి కావు. 2010లో సీగేట్ మొమెంటస్ ఎక్స్‌టీ తెచ్చినప్పుడు అది 7200 ఆర్‌పీఎం, 500 జీబీ, 4 జీబీ ఎస్‌ఎల్‌సీ ఫ్లాష్ (ఎక్కువ కాలం మన్నే ఖరీదైన రకం). 2011 చివర్లో 750 జీబీ, 8 జీబీ ఫ్లాష్‌తో రెండో తరం వచ్చింది. అవి మంచి డ్రైవ్‌లు, ఇప్పటికీ ఆ మాట అంటాను. 2013లో వచ్చిన ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌హెచ్‌డీలకు (హైబ్రిడ్‌కే ఇంకో పేరు) వచ్చేసరికి 5400 ఆర్‌పీఎంకి దించారు, ఫ్లాష్‌ని ఎంఎల్‌సీ (చవక రకం) చేశారు. ఇప్పుడు షాపుల్లో దొరికేది ఆ తర్వాతి సరుకే. అది కూడా చాలావరకు పాత స్టాకు, లేదా ఏదో ల్యాప్‌టాప్‌లోంచి పీకినది.

సగం ధర

రిపేర్ బెంచ్ అన్నా, మీ లెక్కలతో నాకు తగువు లేదు. కానీ ఆయన అడిగిన పని ఏమిటో చూడండి. 600 జీబీ పాటలు, వీడియోలు. ఆడియో ప్లే అవ్వడానికి సెకనుకు ఒక ఎంబీ కూడా అక్కర్లేదు, వీడియోకి మహా అయితే రెండు మూడు. ఏ పాత డిస్కయినా వరసగా చదివితే సెకనుకు 80, 100 ఎంబీ ఇస్తుంది. అంటే ఆ 600 జీబీకి ఎస్‌ఎస్‌డీ స్పీడ్ అవసరమే లేదు. అవసరం లేనిదానికి డబ్బు ఎందుకు పెట్టాలి?

వేగం కావలసింది సిస్టమ్‌కి, బ్రౌజర్‌కి, ప్లేయర్‌కి. అవి ఎప్పుడూ చదివేది అవే ఫైళ్లు. 8 జీబీలో పట్టేస్తాయి. హైబ్రిడ్ ఆలోచన పుట్టిందే ఇలాంటి వాడకం కోసం. పైగా ఎక్స్220లో డీవీడీ డ్రైవ్ లేదు, క్యాడీ (డీవీడీ డ్రైవ్ చోట డిస్కు పెట్టే చట్రం) పెట్టి రెండో డిస్కు వేసే వీలు లేదు. ఉన్నది ఒకే బే (డ్రైవ్ కూర్చునే గూడు). ఒకే బే, పెద్ద సైజు, తక్కువ బడ్జెట్: ఈ మూడూ కలిసిన చోట హైబ్రిడ్ కాకపోతే ఇంకేం చెబుతారు?

అందరూ "ఎస్‌ఎస్‌డీ వేసెయ్" అంటారు. నెలాఖరుకి జేబు చూసుకునేవాడికి ఆ సలహా అక్కరకు రాదు. 2025 చివరి నుంచి మెమరీ రేట్లు ఎలా పెరిగాయో తెలిసిందే కదా.

గోదారి గట్టు

సగం ధర గారు చెప్పిన వాడకం లెక్క కరెక్టు. కానీ ఒకే బే అన్నది కరెక్టు కాదు. ఎక్స్220లో కీబోర్డు కింద, చేతులు ఆనించే ప్లాస్టిక్ కింద ఒక ఎంసాటా స్లాట్ (చిన్న కార్డు సైజు ఎస్‌ఎస్‌డీ పట్టేది) ఉంది. మొబైల్ డేటా కార్డు కోసం పెట్టిన స్లాట్ అది, చాలా మెషీన్లలో ఖాళీగానే ఉంటుంది. అందులో ఎంసాటా ఎస్‌ఎస్‌డీ కూర్చుంటుంది. సాటా (డ్రైవ్‌ని బోర్డుకి కలిపే పద్ధతి) 2 వేగం, అంటే సెకనుకు 250 ఎంబీ పైన వస్తుంది. మెయిన్ బే సాటా 3 కాబట్టి దానికంటే తక్కువే, కానీ సిస్టమ్‌కి చాలు.

128 జీబీ ఎంసాటాలో సిస్టమ్, మెయిన్ బేలో మామూలు 1 టీబీ హార్డ్ డిస్క్. ఫ్లాష్ 8 బదులు 128, అదీ మీ అదుపులో. ఏది ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

డల్లాస్ నుంచి

ఆపిల్ 2012లో ఫ్యూజన్ డ్రైవ్ అని చేసింది ఇంచుమించు ఇదే. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, రెండూ కలిపి ఒకే వాల్యూమ్‌గా, అంటే ఒకే డ్రైవ్‌లా చూపించేది. ఎక్కువ వాడేవి తనే ఎస్‌ఎస్‌డీ మీదికి జరిపేది. 8 జీబీకీ 128 జీబీకీ తేడా వాడితే తెలుస్తుంది. కాకపోతే రెండింటిలో ఏ ఒక్కటి పోయినా వాల్యూమ్ మొత్తం పోతుంది. గోదారి గట్టు గారు చెప్పినట్టు విడివిడిగా ఉంచుకుంటే ఆ బాధ ఉండదు. ఎంసాటా పోయినా నాటకాలు భద్రంగా ఉంటాయి.

సగం ధర

ఎంసాటా స్లాట్ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఎంసాటా ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? ఎప్పుడో పోయిన ఫార్మాట్ అది. పేరున్న కంపెనీవి దొరకడం కష్టం, దొరికేవి ముక్కూ మొహం తెలియని బ్రాండ్లు. హైబ్రిడ్‌ని పాత స్టాకు అని కొట్టిపారేసి, అంతకంటే పాత ఫార్మాట్ కొనమనడం ఏం న్యాయం?

రిపేర్ బెంచ్

న్యాయమైన ప్రశ్నే. ఎంసాటా కొత్తవి తగ్గిపోయిన మాట నిజం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో తిరిగితే ఇంకా దొరుకుతాయి, ఊళ్లో వెతికితే కష్టం. ఎం.2 అని వేరే రకం ఉంది. అది ఇందులో పట్టదు, పొరపాటున అది కొనకండి.

అయినా హైబ్రిడ్‌కే నేను అడ్డం చెప్పడానికి అసలు కారణం ఇంకా చెప్పలేదు. ఎక్స్220 బేలో 7 మిల్లీమీటర్ల మందం డ్రైవే పడుతుంది. నేను మంచివన్న మొమెంటస్ ఎక్స్‌టీలు 9.5 మిల్లీమీటర్లు. 2013 నాటి 1 టీబీ ఎస్‌ఎస్‌హెచ్‌డీ కూడా 9.5. అవి లోపలికి పోవు. 7 మిల్లీమీటర్లలో 1 టీబీ హైబ్రిడ్ అంటే 2016లో వచ్చిన ఫైర్‌కుడా లాంటిది. అందులో ఎస్‌ఎంఆర్ పద్ధతి వాడారు. ట్రాకులు బంగాళాపెంకులు పరిచినట్టు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. చదవడానికి ఇబ్బంది లేదు. ఒక ట్రాకు తిరగరాయాలంటే మాత్రం దాని మీదికి ఎక్కిన పక్క ట్రాకుల్నీ మళ్లీ రాయాలి. ఆ పని డ్రైవ్ లోపల తనే చేసుకుంటుంది, మనకు కనిపించేది కాపీ స్పీడ్ పడిపోవడం. 600 జీబీ ఎక్కించేటప్పుడు మొదట బాగానే పోతుంది, తర్వాత నత్తనడక.

ఇక 4 జీబీ ర్యామ్ సంగతి. ర్యామ్ చాలనప్పుడు సిస్టమ్ డిస్కు మీద రాస్తూ చదువుతూ ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే చాలాసార్లు కారణం ఇదే. హైబ్రిడ్‌లోని ఆ 8 జీబీ ముఖ్యంగా చదవడం కోసం ఉన్నది. ఇలా అదేపనిగా రాసే భారం పళ్లేల మీదే పడుతుంది. అందుకని డ్రైవ్ ఏదైనా సరే, ముందు ర్యామ్ 8 జీబీ చేయించండి. దీనికి పట్టే డీడీఆర్3 రకం ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది.

సగం ధర

ఎస్‌ఎంఆర్ అన్నది ఎక్కించేటప్పుడు సమస్య, వినేటప్పుడు కాదు. ఆయన 600 జీబీ ఒకసారి ఎక్కిస్తారు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అవుతుంది, కాకపోతే మధ్యాహ్నానికి అవుతుంది. ఆ తర్వాత నెలకు ఒకటో రెండో కొత్త రికార్డింగులు. దీనికి అంత భయపెట్టాలా? ర్యామ్ మాటకు నేనూ ఓటేస్తాను, అది ముందు చేయాల్సిన పనే.

కరీంనగర్ సీటు

సగం ధర అన్నా, ఒకటి మర్చిపోతున్నరు. ఆయన ఈ ల్యాప్‌టాప్ పట్టుకొని ఊళ్లు తిరుగుతరు. బస్సుల, ఆటోల. హైబ్రిడ్ అయినా మామూలు డిస్కు అయినా లోపల తిరిగే పళ్లెం, దాని మీద హెడ్. థింక్‌ప్యాడ్‌ల కుదుపు పసిగట్టి హెడ్ పక్కకు తీసే ఏర్పాటు ఉన్నది, మంచిదే. అయినా అన్ని దెబ్బలు ఆపదు కదా. మరి గోదారి గట్టు గారు చెప్పిన ఎంసాటా ప్లస్ హార్డ్ డిస్క్ కూడా ఇక్కడ అంతే. నాటకాలు ఉండేది మళ్లీ పళ్లెం మీదనే.

నా మాట: 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. ఇప్పుడు పైసలు లేకపోతే రెండు నెలలు ఆగుండ్రి. ఆ ఎస్‌ఎస్‌డీ ఈ ల్యాప్‌టాప్ పోయినా యూఎస్‌బీ కేసుల పెట్టుకొని వాడుకోవచ్చు, డబ్బులు ఎక్కడికీ పోవు. హైబ్రిడ్ కొంటే ఇంకో మెషీన్‌కి మార్చాలని ఎవ్వరికీ అనిపించదు.

సగం ధర

అన్నా, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ప్రయాణాలు ఎక్కువైతే పళ్లెం లేకపోవడమే మేలు. అయినా ఒక్కటి చెబుతాను: ఇంట్లో టేబుల్ మీదే ఉండే ల్యాప్‌టాప్‌కి, బడ్జెట్ బిగుతుగా ఉన్నవాళ్లకి, హైబ్రిడ్ చెత్త అన్న మాట నేను ఒప్పుకోను.

గోదారి గట్టు

ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందేమో అని మా నాన్నగారి తరం వాళ్లు భయపడుతుంటారు కాబట్టి ఒక లెక్క. బాగా చవకైన 240 జీబీ ఎస్‌ఎస్‌డీలకే కంపెనీలు 80 టీబీ దాకా రాసుకోవచ్చని హామీ ఇస్తున్నాయి. రోజుకు 20 జీబీ రాసినా పదేళ్లు దాటుతుంది. నాటకాలు వినడం అంటే చదవడమే కాబట్టి అరుగుదల ఊసే లేదు.

నాటకప్రియుడు

అందరికీ ధన్యవాదాలు. ఇంత ఓపికగా చెబుతారనుకోలేదు. రెండు అడగాలి. ఒకటి, డ్రైవ్ మార్చడం నేను చేసుకోగలనా? రెండు, ఎస్‌ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోతుందంటారు. నా దగ్గర ఉన్న కొన్ని క్యాసెట్లు బూజు పట్టి పోయాయి, వాటి కాపీ ఈ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. అది తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

రిపేర్ బెంచ్

రెండోదానికి ముందు జవాబు, ఎందుకంటే అదే ముఖ్యం. అవును, ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు హెచ్చరిక లేకుండా పోతుంది. హార్డ్ డిస్కు టకటకలాడుతుంది, స్లో అవుతుంది, ఎంతో కొంత సైగ చేస్తుంది. అయినా అన్నిసార్లూ కాదు. ఇంకెక్కడా లేని రికార్డింగ్ ఒకే డిస్కులో ఉండటం తప్పు, అది ఏ డిస్కయినా సరే. ఇప్పుడు మీరు వాడే బయటి డిస్కుని పారేయకండి. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, బయటి డిస్కులో ఒకటి, మూడోది వేరే ఊళ్లో ఉన్న బంధువు ఇంట్లోనో క్లౌడ్‌లోనో. బూజు పట్టిన క్యాసెట్ల ఫైళ్లయితే ఈ రాత్రే ఇంకోచోట కాపీ చేయండి, కొనడం సంగతి తర్వాత. ఎస్‌ఎస్‌డీని మాత్రం ఏళ్ల తరబడి కరెంటు ఇవ్వకుండా బీరువాలో పెట్టకండి, అందులోని డేటా మెల్లగా పోయే ప్రమాదం ఉంది. దాచుకోవడానికి హార్డ్ డిస్కే నయం.

డ్రైవ్ మార్చడం మీరే చేసుకోవచ్చు. బ్యాటరీ తీసేయండి. పక్కన డ్రైవ్ మూతకి ఒకటే స్క్రూ ఉంటుంది. మూత తీసి, లోపలి ప్లాస్టిక్ తోక పట్టుకుని మెల్లగా లాగితే డ్రైవ్ బయటికి వస్తుంది. దాని రెండు వైపులా నల్ల రబ్బరు పట్టీలు ఉంటాయి, వాటిని కొత్తదానికి తొడిగి లోపలికి నెట్టడమే. కొత్తదాని మందం 7 మిల్లీమీటర్లే అని చూసుకోండి. ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి, బయాస్‌లో (మెషీన్ మొదటి సెట్టింగుల తెర) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూడండి, ఎస్‌ఎస్‌డీకి అదే సరైనది.

సెకండ్ హ్యాండ్ ఏది కొన్నా క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫోలో (డిస్కు ఆరోగ్యం చూపే ప్రోగ్రామ్) చూపించమనండి. 05, సీ5 అన్న వరసలు పాడైన సెక్టార్ల లెక్క; వాటి చివరి గడిలో సున్నా కాకపోతే వద్దు. వాడిన గంటలతో సహా అన్నీ మరీ కొత్తదానిలా సున్నాలే ఉన్నా అనుమానించాల్సిందే, లెక్కలు తుడిచేసి అమ్మేవాళ్లు ఉన్నారు.

డల్లాస్ నుంచి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఎనిమిదో తరం ప్రాసెసర్ అడుగుతారు, ఈ మెషీన్ అధికారికంగా అందులో పడదు. కొత్త డ్రైవ్ ఎలాగూ ఖాళీగా వస్తుంది కాబట్టి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి చూడండి. ఆడియో, వీడియో, తెలుగు టైపింగ్ అన్నీ బాగా పనిచేస్తాయి.

నాటకప్రియుడు

సరేనండీ. ముందు బూజు క్యాసెట్ల ఫైళ్లు మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తున్నాను, ఇది రాస్తుండగా అవుతోంది. ఈ నెల ర్యామ్ మాత్రం వేయిస్తాను. సంక్రాంతి దాటాక 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. హైబ్రిడ్ వద్దని షాపతనికి చెప్పేశాను. సగం ధర గారూ, ఇంట్లో టేబుల్ మీద మా బావగారి పాత హెచ్‌పీ ఒకటి ఉంది, కదలదు, అందులో డీవీడీ డ్రైవ్ కూడా ఉంది. దానికి మీరన్నది వేయించవచ్చా?

సగం ధర

డీవీడీ డ్రైవ్ ఉంటే నేను కూడా హైబ్రిడ్ చెప్పనండీ. మెయిన్ బేలో చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టండి, పాత హార్డ్ డిస్కుని క్యాడీలో డీవీడీ చోట పెట్టండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డీవీడీ పోర్టు స్లోగా ఉంటుంది, అందుకే ఎస్‌ఎస్‌డీని డీవీడీ చోట పెట్టొద్దు. క్యాడీల్లో 12.7, 9.5 మిల్లీమీటర్లు అని రెండు సైజులున్నాయి, ముందు ఆ డీవీడీ డ్రైవ్ మందం కొలిచి రాయండి.