అమెరికా చరిత్రని సినిమాలతో చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

తార్నాక చదువరి:
డిగ్రీ రెండో ఏడాది పిల్లలు ముప్ఫై మంది. నాలుగు శనివారాలు, ఒక్కో క్లాసు తొంభై నిమిషాలు. "మనుషులంతా సమానంగానే పుట్టారు" అని 1776లో రాసుకున్న దేశం ఆ మాటని ఎలా నిలబెట్టుకుంది, సినిమాలు దాన్ని ఎలా చెప్పుకొచ్చాయి అన్నది విషయం. మొదటి వారం బానిసల యజమానుల దక్షిణాది గురించి తీసిన 'గాన్ విత్ ది విండ్' మొత్తం వేసి, అందులో చరిత్ర తప్పులు ఏరించాలని ఉంది. కుదురుతుందా?

నల్లకుంట మాస్టారు:
మొత్తం వద్దండీ. దాదాపు నాలుగు గంటల సినిమా, మీ తొంభై నిమిషాలకి ఇంటర్వెల్ కూడా పడదు. తప్పులు ఏరించడం ఇంకో తంటా: "సినిమా అబద్ధం, పుస్తకం నిజం" అని రాసుకుని లేచిపోతారు. ఆ అబద్ధం 1939లో ఎవరికి అవసరమైందని అడగండి.

ఎనిమిది నిమిషాల ముక్క చాలు. ముందు సౌండ్ తీసేసి వేయండి. కాగితం మీద మూడు గళ్లు గీయించండి: ఫ్రేము మధ్యలో ఎవరున్నారు, అంచున ఎవరు, ఎవరి చేతిలో పని ఉంది. మళ్లీ సౌండ్‌తో వేసి, సంగీతం ఎవరి పక్షాన ఉందో రాయించండి. ఆ తర్వాతే తెర వెనక సంగతి చెప్పండి. అందులో ఇంటి బానిస మామీ వేషం కట్టిన నల్ల నటి హాటీ మెక్‌డేనియల్ అట్లాంటా ప్రీమియర్‌కి రాలేకపోయింది, అక్కడ థియేటర్లలో నల్లవాళ్లని వేరుపెట్టే చట్టాలు అప్పట్లో ఉండేవి. 1940లో ఆస్కార్ గెలిచిన రాత్రి కూడా తోటి నటులతో కాకుండా, గోడ వారన విడిగా వేసిన బల్ల దగ్గర కూర్చుంది. ముందే చెప్పేస్తే మాత్రం గళ్లన్నీ జాలితో నింపేస్తారు.

పాత పుస్తకాల అంగడి:
బోర్డు మీద రెండు తారీఖులు జాగ్రత్త. 1787 రాజ్యాంగంలోని "అయిదింట మూడు వంతులు" అంటే బానిసని అయిదింట మూడు వంతుల మనిషిగా చూశారని చాలామంది చెబుతారు. అది ప్రతినిధుల సభలో సీట్ల లెక్క, అయిదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కపెట్టడం. బానిసల్ని పూర్తిగా లెక్కపెట్టమని అడిగింది యజమానుల రాష్ట్రాలే. ఓటు లేని మనుషుల తలలు చూపించి సీట్లు పెంచుకున్నారు. దానికంటే ఇదే ఘోరం కదా!

రెండోది అంతర్యుద్ధంలో బానిసల్ని విడుదల చేస్తూ లింకన్ చేసిన 1863 ప్రకటన. అది తిరగబడ్డ ప్రాంతాలకే వర్తించింది. తిరగబడకుండా యూనియన్‌లోనే (లింకన్ పక్షాన) ఉన్న కెంటకీ, డెలావేర్‌లలో బానిసత్వం 1865 డిసెంబరులో దాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 13వ సవరణ వచ్చేదాకా సాగింది. "ఒక్క సంతకంతో సంకెళ్లు తెగాయి" అనే సీను వచ్చినప్పుడల్లా పక్కన మ్యాపు పెట్టండి.

మాసాబ్‌ట్యాంక్ ప్రొజెక్టర్:
కౌబాయ్ సినిమా లేకుండా ఎట్లా మాస్టారూ? 1956 నాటి 'ది సెర్చర్స్' తీసుకోండి. కథ టెక్సస్‌లో జరుగుతది. వెనక కనిపించే ఎర్ర రాతి దిబ్బలు మాత్రం అరిజోనా, యూటా సరిహద్దులో నవాహో అనే ఆదివాసుల నేల. కథలో కమాంచీ అనే ఇంకో ఆదివాసీ తెగ నాయకుడి వేషం జర్మనీలో పుట్టిన తెల్ల నటుడిది. ఎవరి నేల, ఎవరి కథ, ఎవరి మొహం అని మూడు ముక్కల్లో రాయమంటే చాలు.

పాఠం ఎక్కకపోతే మన దగ్గరికి రండి. అల్లూరి, కొమురం భీం దోస్తులైన సినిమా పిల్లలందరూ చూసిందే. అల్లూరి పోయింది 1924లో, భీం పోయింది 1940లో, కలిసినట్టు చరిత్రలో ఆధారం లేదు. మరి వాళ్లని కలపాలని ఎందుకనిపించింది? అదే ప్రశ్న అమెరికా సినిమాకి తిప్పితే సరి.

తార్నాక చదువరి:
అందరికీ థాంక్సండీ. నాలుగో వారం ఖాళీగా ఉంది.

పాత పుస్తకాల అంగడి:
మనవాళ్ల వీసా కథ పెట్టండి. భగత్ సింగ్ థిండ్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడే. అయినా 1923లో సుప్రీంకోర్టు తెల్లవాడివి కాదని పౌరసత్వం కాదంది. 1946 చట్టం భారతీయులకి ఏడాదికి వంద మంది కోటా ఇచ్చింది. తలుపులు నిజంగా తెరిచింది 1965 చట్టం, నల్లవాళ్లకి ఓటు హక్కు చట్టం వచ్చిన ఏడాదే. మన సినిమాల్లో ఎన్నారై పెళ్లికొడుకు కారు దిగే సీను ఏదైనా ఒకటి వేసి, ఈ మూడు తారీఖుల కాగితం చేతికివ్వండి.