విళంబి, ఫసలీ 1308: ముత్తాత ఓడెక్కింది ఏ కరువులో?

వేణి: పొద్దున్నుంచీ ఇదే పని. ముత్తాత దస్తావేజు మీద "విళంబి నామ సంవత్సర శ్రావణ బ. 5, ఫసలీ 1308" అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరమట. నెట్‌లో వెతికితే విళంబి అంటే 1958, 2018 అంటోంది. ఇంట్లోవాళ్లేమో ఆయన ధాత కరువులో పుట్టాడని, కరువుకి తాళలేక పొలం అమ్మి ఓడెక్కాడని చెబుతారు. ఒక్కటీ పొసగట్లేదు. తేల్చండి ప్లీజ్.

పాతరికార్డు: ఏ జిల్లా?

పంచాంగం: అరవయ్యేళ్లకోసారి అదే పేరు వస్తుంది. 1958లోంచి అరవై తీసేస్తే 1898. ధాత 1876-77. అయితే అసలు పెద్ద కరువు 1832-33 నాటి నందన, గుంటూరు సీమలో డొక్కల కరువంటారు. దాని గురించి ఎవరూ రాయరు. ఇళ్లల్లో ఈ రెండు కరువుల్నీ...

పాతరికార్డు: ఆవిడ అడిగింది ధాత గురించి. జిల్లా చెప్పండమ్మా, నైజామైతే లెక్క మారుతుంది.

వేణి: తెనాలి దగ్గరండీ.

పాతరికార్డు: అయితే 1898 ఆగస్టే. మద్రాసు ఫసలీ జూలైలో మొదలు, 1308కి 590 కలపాలి. నైజాం ఫసలీ అక్టోబరులో మారేది, అక్కడైతే ఆ శ్రావణానికి 1307 అని రాసేవారు. ధాతలో పుట్టినవాడికి అప్పటికి 21, 22 ఏళ్లు. ఆ కరువుకి తాళలేక వెళ్లాడన్నది నిలవదు. పైగా దాని దెబ్బ ఎక్కువగా బళ్లారి, కర్నూలు, కడప వైపు. కృష్ణా డెల్టాకి 1855 నాటికే బెజవాడ ఆనకట్ట ఉంది.

కరణంగారబ్బాయి: అమ్మాడంటున్నారు, శుద్ధక్రయమా (పూర్తి అమ్మకం), స్వాధీన భోగ్యమా (అప్పుకింద భూమిని అనుభవించమని అప్పగించడం)?

పంచాంగం: ఏదైతేనేం, భూమి చేతులు మారినట్టేగా.

కరణంగారబ్బాయి: కాదండీ. భోగ్యమైతే అప్పు తీర్చగానే భూమి వెనక్కి వస్తుంది. తిరిగొద్దామనే వెళ్లాడేమో. వెనకవైపు సబ్‌రిజిస్ట్రారు రాత చూడండి: దస్తావేజు నంబరు, 1వ పుస్తకం, సంపుటం, పేజీలు. అవి రాసి నకలుకి అర్జీ పెట్టండి. అంత పాతది ఆన్‌లైన్ ఈసీలో (భూమి లావాదేవీల ధ్రువపత్రంలో) రాదు. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, అంతకుముందు తెనాలి కృష్ణా జిల్లాలో ఉండేది, ఆ పేరు కిందా వెతకండి.

పాతరికార్డు: ఓడ ఎక్కడికి? నాటాల్‌కి (దక్షిణాఫ్రికా) కూలి ఒప్పందం మీద వెళ్లుంటే (1860-1911) ఓడ జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా దొరుకుతాయి. రంగూన్ అయితే అలాంటి జాబితా మీద ఆశ పెట్టుకోకండి. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలోదే, టికెట్టు కొని డెక్కు మీద పోయేవారు.

వేణి: భోగ్యం అనే ఉందండీ! నంబరు కనిపిస్తోంది, సంపుటం దగ్గర చెద తినేసింది. ఓడ సంగతి పెద్దమ్మని అడగాలి.

కరణంగారబ్బాయి: పర్లేదు, ఇండెక్సులు తీయించండి. ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఊరి పేరుతో ఉంటుంది.

వేణి: సరేనండీ, థాంక్స్.

పంచాంగం: నందన కరువు సంగతి మాత్రం మరువకండి.