టర్కీ పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతున్నాయి. మిషన్ తప్పేనా?

ఒంగోలు రైతు:
నాకు 8 టర్కీ పెట్టలున్నాయి. పాత పుంజు కుంటుతోందని సంక్రాంతి తర్వాత మా బావమరిది దగ్గర్నుంచి ఇంకో పుంజు తెచ్చా. పెట్టలు బ్రహ్మాండంగా తింటున్నాయి, గుడ్లు పెడుతున్నాయి. కానీ 40 గుడ్లు ఇంక్యుబేటర్లో పెడితే దిగింది 21 పిల్లలే. మిగతావి పగలగొట్టి చూశా. నాలుగైదు పుంజు తగలనివి, మిగిలినవాటిలో ఎక్కువ ఈకలొచ్చిన పిల్లలే, లోపలే పోయాయి. దిగినవాటిలో ఆరేడు నోరు తెరిచి గురగురమంటున్నాయి, ఒకదాని మెడ వంకర. వారం తర్వాత అదే మిషన్లో వేసిన నాటుకోడి గుడ్లు మాత్రం చక్కగా దిగాయి (టర్కీకి 28 రోజులు, కోడికి 21 కదా, అన్నీ ఒకేసారి దించొచ్చని). షాపాయన ఇచ్చిన అమాక్సిసిలిన్ అయిదు రోజులు పోశా. గురక తగ్గలేదు.

పశువైద్యుడు:
మిషన్‌ని తిట్టకండి, నాటుకోడి పిల్లలే దాని తరఫు సాక్షులు. నా అనుమానం మీ కొత్త పుంజు మీద. మైకోప్లాస్మా మెలియాగ్రిడిస్ అని టర్కీలకే పట్టే క్రిమి ఉంది. జతకట్టేటప్పుడు పుంజు నుంచి పెట్టకు, పెట్ట నుంచి గుడ్డులోకి పోతుంది. పెద్దవాటిలో ఏమీ కనపడదు. పిల్లల్లో ఊపిరికి తోడ్పడే గాలిసంచులు చెడతాయి, మెడ వంకరపోతుంది. గుడ్డులోనే ఇన్ని పోయాయంటే అయోవే అనే ఇంకో మైకోప్లాస్మా, లేదా సాల్మొనెల్లా అనే వేరే రకం క్రిమి కూడా అయ్యుండొచ్చు. అమాక్సిసిలిన్ క్రిముల కణగోడను దెబ్బతీసే మందు, మైకోప్లాస్మాకి ఆ గోడే ఉండదు, అందుకే గురక తగ్గలేదేమో. చచ్చిన గుడ్లు, జబ్బు పిల్లలు రెండు పట్టుకుని వ్యాధి నిర్ధారణ ల్యాబుకి వెళ్లండి. పెట్టలకీ పుంజుకీ రక్తపరీక్ష చేయించండి.

పాత టర్కీ రైతు:
అన్నా, నాకూ ఇదే అయింది. మైకోప్లాస్మాకి వాడే టైలోసిన్ మందు పోస్తే పిల్లలు తేరుకున్నాయి, సంబరపడ్డా. తర్వాతి విడతలో మళ్లీ అదే గురక. గుడ్లను వెచ్చబెట్టి చల్లటి టైలోసిన్ నీళ్లలో ముంచితే మందు లోపలికి పీల్చుకుంటాయన్నారు. అదీ చేశా, అవే నీళ్లు మళ్లీ మళ్లీ వాడి సగం గుడ్లు కుళ్లబెట్టుకున్నా. చివరికి పెట్టల్నీ పుంజునీ తీసేసి, పరీక్ష చేసిన మందలోంచి పిల్లల్ని తెచ్చుకుంటేగానీ వదల్లేదు. ఇంకోటి, నాటుకోళ్లతో కలిపి తిప్పొద్దు. వాటికి జలుబులా వచ్చే మైకోప్లాస్మా గాలిసెప్టికం అనే ఇంకో క్రిమి టర్కీలకి తగిలితే కళ్లకింద బుడగల్లా వాస్తుంది.

ఒంగోలు రైతు:
బావమరిదికి ఫోన్ చేశా. వాడి దగ్గర నిరుటి నుంచే ఇలా ఉందంట. చెప్పలేదేంరా అంటే "నువ్వడగలేదుగా బావా" అన్నాడు. పొద్దున్నే ల్యాబుకి పోతున్నా. మిషన్లో ఇంకో 24 గుడ్లున్నాయి, ఏం చెయ్యమంటారు?

పశువైద్యుడు:
తీసి పూడ్చేయండి. ఒకవేళ దించితే మాత్రం ఒక్క పిల్లను కూడా ఎవరికీ అమ్మొద్దు. బావమరిదికి కూడా.